ఇంటింటి శాస్త్రం: రొట్టె ఈస్టూ, ద్రాక్షరసమూ

రొట్టెల కోసం తెచ్చిన ఈస్టు డబ్బాలో మిగిలిపోయింది. బజారులో ద్రాక్షపళ్లు చవకగా వున్నవి. “ఈ ఈస్టే ఆ రసంలో చల్లితే ద్రాక్షసారాయి కాదా?” అని అడిగేవారున్నారు. అవుతుంది. ఈస్టు రొట్టెలదైనంత మాత్రాన విషమూ కాదు. కాని జాడీకి మూత బిగించేముందు దాని గుణం తెలుసుకోవడం మంచిది.

ఈస్టు కంటికి కనపడని ప్రాణి. చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. లెక్కప్రకారం 100 గ్రాముల చక్కెరకు సుమారు 51 గ్రాములు మొదటిది, 49 గ్రాములు రెండవది. పిండిలో మనకు కావలసింది వాయువు. రసంలో కావలసింది ఆల్కహాలు.

దర్శి ప్రాంతంవారికి ఈ పని కొత్తది కాదు. తాటికల్లులో ఎవరూ ఈస్టు కలపరు. లొట్టిని అంటుకొన్న మడ్డిలోనూ, గాలిలోనూ వున్న ఈస్టులే తీపి నీరాను కల్లుగా మార్చేస్తాయి. అందుకే నీరా కావలసినవారు లొట్టికి సున్నం పూస్తారు. గోవాలో వెనుక రొట్టెపిండిని కల్లుతోనే పొంగించేవారు. ఐరోపాలో రొట్టెలవాళ్లు బీరు నురుగు తెచ్చుకొనేవారు. రొట్టె ఈస్టూ, సారాయి ఈస్టూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట.

అయితే నేర్చిన విద్యలు వేరు. 1883లో డెన్మార్కులో హాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు ఒకే కణంనుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపాడు. తరువాత ఏ పనికి తగిన రకాన్ని ఆ పనికి ఏరుకోవడం సులువయింది. రొట్టె ఈస్టు త్వరగా పిండిని ఉబ్బించడానికి ఏరినది. రసంలో పడగానే ఉరుకులు పెడుతుంది. ఆల్కహాలు నూటికి 8, 10 పాళ్లయ్యేసరికి సాధారణంగా చతికిలబడుతుంది. సారాయి ఈస్టు 12, 14 దాకా నిలుస్తుంది. పైగా రొట్టె ఈస్టు మడ్డి అడుగున గట్టిగా కూర్చోదు. పిండివాసన ఒకపట్టాన పోదు. వేడి 30 డిగ్రీలు దాటితే రుచి మరీ చెడుతుంది. మన వేసవిలో 40 దాటడం ఎరిగినదే గదా! ఆపిల్ రసంతో చేసే సైడరులో చక్కెర తక్కువ కనుక అక్కడ కొంత నయం.

అసలు ప్రమాదం వేరే వున్నది. ఈస్టు అలసి ఆగినప్పుడు రసంలో తీపి మిగులుతుంది. పొంగు తగ్గింది గదా అని సీసాల్లో పోసి బిరడా బిగిస్తే, కొన్నాళ్లకు ఈస్టు మళ్లీ లేవవచ్చు. వాయువుకు దారి వుండదు, సీసా పగులుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ గాజుముక్క ఎవరి కంటిని వెతుకుతుందో చెప్పలేము. పైగా ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయడం నేరం.

పండుగకు ద్రాక్షరసమే కావాలంటే ఒక మార్గం వున్నది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు ప్రభు సంస్కారానికి పులియని రసం కావాలని, పాశ్చరు చూపిన పద్ధతిలో సీసాలను వేడిచేశాడు. మనమూ రసాన్ని వడగట్టి, 85 డిగ్రీలదాకా కాచి, మరిగేనీళ్లలో కాచిన సీసాల్లో వేడిగానే పోసి మూతపెట్టవచ్చు. పండు తెచ్చిన ఈస్టు ఆ వేడికి చస్తుంది. మూత తీశాక రిఫ్రిజిరేటరులో వుంచి, రెండుమూడు రోజుల్లో తాగేయాలి.

మిగిలిన ఈస్టుకేమంటారా? మైదాపిండి వుండనే వున్నది!