స్కిల్ గేమే, ఒప్పుకుంటాం. మరి ఆ డబ్బు ఎవరిది?



పోయిన వారం గ్రూపులో ఒక అన్న పెట్టిన పోస్టు కింద పెద్ద గొడవే అయింది. "పేకాట వేరు, పోకర్ వేరు. ఇది స్కిల్. లెక్కలు వచ్చినోడికి సైడ్ ఇన్‌కమ్" అని ఆ అన్న. "పేకముక్క ముట్టుకున్నోడు బాగుపడిన ఊరు చూపించండి" అని ఒక అక్క. ఇద్దరి మాటా మేం పూర్తిగా ఒప్పుకోలేం. ఎందుకంటే మా రూమ్ నలుగురం, పక్క రూమ్ ఇద్దరు, ఆరుగురం కలిసి రెండు నెలలుగా రాత్రి అన్నం తిన్నాక చింతపిక్కలతో పోకర్ ఆడుతున్నాం. మెస్‌లో అడిగితే డబ్బాడు పిక్కలు ఇచ్చారు. రూపాయి పెట్టలేదు. అందుకే కొంచెం లెక్కతో మాట్లాడగలం అనుకుంటున్నాం.

మేం ఆడేది రాజ్ అనే రకం. పేరు రాజ్ గానీ ఇందులో రాజు ముక్కకి విలువే లేదు, అదే తమాషా. మామూలు పోకర్‌లో పెద్ద చేయి గెలుస్తుంది, ఇందులో అన్నిటికంటే చిన్న చేయి గెలుస్తుంది. ఒక్కొక్కరికి ఏడు ముక్కలు వస్తాయి, వాటిలో ఐదు లెక్కలోకి తీసుకుంటాం. ఆసు ఒకటి కింద లెక్క. వరుసలు, ఒకే రంగు ముక్కలు పట్టించుకోం. ఆసు, 2, 3, 4, 5 వస్తే దాన్ని మించింది లేదు. జత పడితే చేయి చెడినట్టే. మొదట రెండు ముక్కలు మూసి, ఒకటి తెరిచి వేస్తారు. తర్వాత మూడు తెరిచి, చివరిది మూసి. ప్రతి ముక్కకీ ఒకసారి పందెం. అమెరికాలో లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో దీనికి పోటీ కూడా ఉంది.

అన్న చెప్పినట్టు ఇందులో స్కిల్ ఉంది, అబద్ధం కాదు. సగం ముక్కలు కళ్ల ముందే తెరిచి ఉంటాయి కదా, అవి చదవడమే అసలు ఆట. మన చేతిలో ఆసు, 4, 6 ఉన్నాయి అనుకోండి. మనకి జత పడగొట్టే ముక్కలు ఇంకా తొమ్మిది ఉంటాయి. ఎదుటి ఐదుగురి ముందు ఆసు, 4, 6, 6, రాజు తెరిచి ఉంటే ఆ తొమ్మిదిలో నాలుగు పోయినట్టే, ఇంక ఐదే. మనకి కావలసిన 2, 3, 5 అన్నీ లోపలే ఉన్నాయి. ధైర్యంగా పెంచొచ్చు. అదే చేతికి ఎదురుగా 2, 3, 5, 8 కనిపిస్తే మనకి రావలసినవి వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాయి. చేతిలో అవే మూడు ముక్కలు, కానీ విలువ వేరు. ప్యాక్ చేసినవాడి ముక్క బోర్లా పడ్డాక కూడా గుర్తుండాలి. మాలో ఒకడికి సంత రోజు ఎవరు ఎన్ని కిలోల చింతపండు తెచ్చారో సాయంత్రం దాకా గుర్తుంటుంది. వాడు మమ్మల్ని ఈ ఆటలో ఉతికేస్తాడు.

ఇంకో సంగతి మాకు నమ్మబుద్ధి కాక రెండుసార్లు లెక్క వేసుకున్నాం. ఐదు ముక్కలు వచ్చాయి. మన దగ్గర ఆసు, 2, 3, 4, ఒక రాజు. ఎదుటివాడి ముందు 10, 9, 8 తెరిచి ఉన్నాయి, వాడి ఐదూ కుదిరాయి అనుకుందాం. చూడటానికి వాడు గెలుస్తున్నాడు, మన చేయి ఇంకా పూర్తి కాలేదు. కానీ మనకి కనపడని ముక్కలు 44. వాటిలో 5 నుంచి 9 దాకా ఏది వచ్చినా మన చేయి వాడికంటే చిన్నది అవుతుంది, అవి 18. ఇంకా రెండు ముక్కలు రావాలి. రెండూ తప్పిపోయే అవకాశం నూటికి 34. అంటే నూటికి 66 సార్లు మనకి కుదురుతుంది. వాడూ మెరుగుపడొచ్చు కాబట్టి కొంత తగ్గించుకున్నా, మొగ్గు చేయి పూర్తికాని మన వైపే. ఇలాంటిది చూసినప్పుడు ఇంటర్‌లో భయపెట్టిన ప్రాబబిలిటీ మీద మాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

సరే, స్కిల్ ఉంది. ఆ స్కిల్ మనకి చెప్పే మొదటి మాట ఏంటి? "లేచి పక్కన కూర్చో" అని. మొదటి మూడు ముక్కలు జత లేకుండా 8 లోపు వస్తేనే ఆడాలి అన్నది మొదటి పాఠం. అలా వచ్చేది 22,100 రకాల్లో 3,584 సార్లు. ఆరింట ఒకసారి. మిగతా ఐదుసార్లు ప్యాక్. దొంగ పెంపులు ఉన్నాయి, కాదనం. మన ముందు 2 ఉండి, మన తర్వాత ఆడాల్సినవాళ్ల ముందు జాకీ, రాణి, పది ఉంటే చేతిలో ఏమీ లేకపోయినా పెంచితే వాళ్లు వదిలేస్తారు. అవి కలుపుకున్నా బాగా ఆడేవాడి రాత్రంతా ఎక్కువగా ఖాళీగా కూర్చోవడమే. పిక్కలతోనే మాకు అది చేతకావడం లేదు. నాలుగుసార్లు వరసగా ప్యాక్ చేశాక ఐదోసారి 9, జాకీతో కూడా దిగిపోతాం. ఫోన్‌లో సొంత డబ్బుతో, రాత్రి ఒంటిగంటకి, ముందే రెండు వందలు పోయి ఉన్నవాడు వరసగా ఐదుసార్లు ప్యాక్ చేస్తాడా? గుండె మీద చేయి వేసుకుని చెప్పండి.

కోత సంగతి పోస్టులో అన్న రాయనే లేదు. ఆరుగురం సమానంగా ఆడేవాళ్లం తలా వంద తెచ్చాం, మొత్తం ఆరు వందలు. ప్రతి ఆటలో పాట్ నుంచి టేబుల్ నడిపేవాడు ఐదు రూపాయలు తీసుకుంటాడు అనుకుందాం. నలభై ఆటలు అయ్యేసరికి రెండు వందలు వాడి జేబులో. ఆరుగురి దగ్గర కలిపి మిగిలింది నాలుగు వందలే. ఎవరూ తప్పు ఆడలేదు, అయినా మూడో వంతు పోయింది. కాబట్టి మన తోటివాళ్లకంటే కొంచెం బాగా ఆడితే చాలదు, కోతని దాటేంత బాగా ఆడాలి. అంటే టేబుల్ మీద మనకంటే చాలా తక్కువ తెలిసినవాడు ఒకడు కూర్చోవాలి.

ఆ తక్కువ తెలిసినవాడు ఎవరు? మా హాస్టల్‌లోనే ఫస్టియర్ తమ్ముడు ఒకడు ఉన్నాడు. వాళ్ల ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటివాడు, మాలాగే. లింకు పంపింది సీనియర్లే, అది మాకు సిగ్గు. స్కాలర్‌షిప్ డబ్బు ఖాతాలో పడిన వారంలోనే అందులో పెట్టేశాడు. మొదట కొంచెం గెలిచాడు, ఆ స్క్రీన్‌షాట్ మా అందరికీ చూపించాడు. తర్వాత స్క్రీన్‌షాట్లు రాలేదు. పరీక్ష ఫీజు కట్టే రోజు "ఐటీడీఏ ఆఫీసుకి వెళ్లాలి" అని చెప్పి ఊరెళ్లిపోయాడు. వాళ్ల అమ్మ ఫోన్ చేసి "బాబూ, మీ కాలేజీలో ఈసారి రెండుసార్లు ఫీజు అడిగారంట కదా?" అంటే మేం ఏం చెప్పాలో తెలియక స్పీకర్ ఆఫ్ చేశాం. సైడ్ ఇన్‌కమ్ అన్నది ఎవరికి వచ్చినా అది ఇలాంటి ఒక ఇంటి నుంచే వచ్చింది.

చట్టం గురించి కూడా అన్న సగమే చెప్పాడు. సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో ముఖ్యంగా నైపుణ్యం ఉంది అన్నది నిజం. 1968 నాటి రిపోర్టుల్లో ఉన్న ఆ కేసు మన సికింద్రాబాద్ క్లబ్బుదే. కానీ అదే తీర్పులో, పందెం ఆట నుంచి క్లబ్బువాడు లాభం తీసుకుంటే నేరం కావచ్చు అని కూడా ఉంది. కోత గురించి కోర్టు అప్పుడే ఆలోచించింది. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాలు మార్చి ఆన్‌లైన్ పందేలు ఆపాయి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది, స్కిల్ అయినా లక్ అయినా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆట నడపకూడదని. అందులో శిక్ష నడిపేవాడికి, యాడ్ చేసేవాడికి. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి, మన గ్రూపులోకి కూడా.

అందుకే అడ్మిన్లకి మా విన్నపం: పందెం లింకు ఎవరు పెట్టినా, ఎంత పెద్దన్న అయినా, తీసేయండి. అక్కకి ఒక మాట. తిడితే తమ్ముళ్లు దాచుకుని ఆడతారు, మేమూ అలాగే చేసేవాళ్లం. ముక్కలు నేర్పండి, లెక్క నేర్పండి, పిక్కలతో. అన్నకి కూడా కోపం వద్దు. శనివారం రాత్రి మా రూమ్‌కి రండి, మీ స్కిల్ చూపించండి. ఫస్టియర్ తమ్ముడు కూడా ఉంటాడు, ఊరి నుంచి వచ్చాడు. అతని ఫీజుకి మేం ఆరుగురం కొంత వేసుకున్నాం, ఇంకా పన్నెండు వందలు తక్కువ ఉంది. గడువు ఈ నెల ఇరవై. ఇవ్వగలిగినవాళ్లు కింద కామెంట్‌లో కాకుండా మాకు విడిగా మెసేజ్ పెట్టండి, వాడి పేరు బయటికి రావద్దు.