సాక్ష్యాన్ని కాపాడమని అడుగుదాం

ఎక్కడ ఒక స్త్రీ హత్యకు గురైనా మనం రోడ్డెక్కి 'హంతకుణ్ణి శిక్షించాలి' అని నినదిస్తాం. శిక్ష పడగానే మన పని అయిపోయిందనుకుంటాం. శిక్ష ఏ సాక్ష్యం మీద పడిందని అడిగే అలవాటు మనకు లేదు. ఆ అలవాటు చేసుకోక తప్పదని నా అభిప్రాయం.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం జరిపి చంపేశారు. 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనికి శిక్ష వేసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాత్రం 'ఇతను కాదు' అని మొదటినుంచీ చెబుతూనే ఉంది. 2017 మార్చి 31న హైకోర్టు డీఎన్ఏ నివేదికతో సహా ప్రాసిక్యూషన్ సాక్ష్యాలను నమ్మలేక అతన్ని విడుదల చేసింది. లక్ష రూపాయలు చెల్లించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా అతని యవ్వనం జైల్లో గడిచిపోయింది.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. తిరిగి దర్యాప్తు మొదలుపెడితే, అప్పీలు హైకోర్టులో ఉండగానే కింది కోర్టులోని వస్తు సాక్ష్యాలను ధ్వంసం చేశారని బయటపడింది. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. 2019 డిసెంబరులో తెనాలి శ్మశానంలో ఆ బిడ్డ సమాధిని తవ్వి ఎముకల నమూనాలు తీశారు. పన్నెండేళ్ళ కిందట జాగ్రత్త చేయాల్సిన దాన్ని మట్టిలో వెతుక్కోవలసి వచ్చింది.

ఇది విజయవాడ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. మన అనంతపురం కరువు పల్లెల్లో కోడలు చచ్చిపోతే 'పురుగుమందు తాగింది' అన్న ఒక్క మాటతో పెద్దమనుషులు పొద్దుగూకేలోగా దహనం చేయిస్తారు. చితితో పాటే సాక్ష్యమూ కాలిపోతుంది. తవ్వి తీయడానికి అక్కడ సమాధి కూడా ఉండదు.

చట్టంలో దారులున్నాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే శవపరీక్ష జరగాలి. 2024 జులై నుంచి అమలవుతున్న కొత్త నేర ప్రక్రియా చట్టం ప్రకారం, ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువిచ్చారు. అవసరమైతే అప్పీలు కోర్టు కొత్త సాక్ష్యం తీసుకోవచ్చు. కానీ నమూనాలే మిగలకపోతే ఏ కోర్టు ఏం చేస్తుంది?

అందుకే పంచనామా రోజునే మనం అక్కడ ఉండాలి. నమూనాలు ఏ తేదీన ల్యాబుకు వెళ్ళాయో, నివేదిక ఎప్పుడొచ్చిందో రాసిపెట్టుకోవాలి. చివరి అప్పీలు తేలేదాకా వస్తు సాక్ష్యాన్ని ముట్టుకోరాదని ప్రభుత్వాన్ని నిలదీయాలి.

ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలనుకుంటే చనిపోయిన స్త్రీకి న్యాయం జరగదు. జైలుకెళ్ళిన పేదవాడి ఇంట్లోనూ ఒక తల్లి ఏడుస్తూ ఉంటుంది. ఆ ఇద్దరు తల్లుల తరఫునా నిలబడదాం.