పేరున్న తుపాను.. పేరులేని దుమారం

ఉప్పల్: వేసవి సాయంత్రం మబ్బు కమ్మితే ఉప్పల్, నాచారం బస్తీల్లోని రేకుల ఇళ్లవారి చూపు ముందు పైకప్పు మీదికే పోతుంది. ఇక్కడ దాన్ని ‘గాలి దుమారం’ అంటారు. పత్రికలకు అది ఈదురుగాలి. వాతావరణ శాఖ లెక్కలో స్క్వాల్. గాలి వేగం ఉన్నట్టుండి గంటకు 29 కిలోమీటర్లయినా పెరిగి, 40కి చేరి, కనీసం ఒక నిమిషం నిలిస్తేనే ఆ మాట వాడతారు.

తుపాను సంగతి వేరు. సముద్రంపై వాయుగుండంలో గాలి 62 కిలోమీటర్లకు చేరితే తుపాను. అప్పుడే దానికి పేరు. 89 అయితే తీవ్ర తుపాను, 118 అయితే అతి తీవ్ర తుపాను. మన వైపు సముద్రాల్లో ఈ పేర్లు 2004లో మొదలయ్యాయి. 1977లో వేలమందిని మింగిన దివిసీమ ఉప్పెనకు అలాంటి పేరే లేదు.

గాలిని కొలిచేది స్తంభంపై గిరగిర తిరిగే గిన్నెల యంత్రం. నేలకు 10 మీటర్ల ఎత్తున, చుట్టూ అడ్డు లేని చోట ఉండాలి. తుపాను వేగమంటే మూడు నిమిషాల సగటు. మధ్యలో కొట్టే విసురు అంతకంటే ఎక్కువే ఉంటుంది. రేకును లేపేది ఆ విసురే. వేగం రెట్టింపయితే తాకిడి నాలుగు రెట్లు. 40కి కదలని రేకు 80కి ఎగిరిపోతే వింతేమీ లేదు. పైగా దుమారం కొద్ది మేరకే పరిమితం. బేగంపేట యంత్రం మామూలు గాలి చూపే వేళకు నాచారంలో చెట్టు కూలవచ్చు.

2024 మే 26నే చూడండి. ఆ రాత్రి బెంగాల్ తీరం దాటిన తుపానుకు ఒమన్ ఇచ్చిన ‘రెమాల్’ అన్న పేరుంది. రోజుల ముందు నుంచే హెచ్చరికలున్నాయి. అదే సాయంత్రం తెలంగాణలో లేచిన గాలివానకు పదిమందికి పైగా చనిపోయారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు పోయారు. ఆ గాలికి పేరు లేదు. ఇలాంటి మబ్బు గంటల్లోనే పుట్టి పోతుంది గనక హెచ్చరిక కూడా రెండు మూడు గంటల ముందు వస్తే గొప్ప.

చిక్కు సాయం దగ్గర వస్తోంది. 2022-26 కేంద్ర నిబంధనల విపత్తుల పట్టికలో తుపాను ఉంది, రాళ్లవాన ఉంది. ఉత్త ఈదురుగాలి లేదు. రాష్ట్రం స్థానిక విపత్తుగా ప్రకటిస్తే విపత్తు నిధిలో 10 శాతం వరకు వాడుకునే వీలుంది. అంతవరకు మామిడికాయ రాళ్లవానకు రాలితే ఒక లెక్క, దుమారానికి రాలితే ఇంకో లెక్క.