పాఠకుని పిలిచే గ్రంథాలయం

పిలవని పేరంటానికి ఎవరూ వెళ్ళరు. గ్రంథాలయం విషయంలోనూ ఇది సత్యమే. భవనం కట్టి, బీరువాలు నింపి, తలుపులు తెరచినంత మాత్రాన పాఠకులు రారు. తన ఉనికిని, ప్రయోజనాన్ని ప్రజలకు చాటిచెప్పుకోవడం కూడా గ్రంథాలయానికి పుస్తకసేకరణ వంటి విధియే.

సరస్వతీ నిలయానికి ప్రచారమేమిటని కొందరు ఆక్షేపించవచ్చు. సబ్బులకు, సిమెంటుకు వలె పుస్తకానికి ప్రకటన చేయడం చిన్నతనమని వారి అభిప్రాయం. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్ర మాత్రం ఈ అభిప్రాయాన్ని సమర్థించదు.

నందిగామ, జగ్గయ్యపేటలకు సమీపాన, మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినప్పుడు ఆయన దాని స్థాపకులలో ఒకరు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి చరిత్రను, విజ్ఞానశాస్త్రాలను తెలుగులోనికి తెచ్చారు. ఆంగ్లం రాని పాఠకునికి ఏ పుస్తకం అవసరమో గుర్తించి, దానిని అతనికి అందించడమే ఆ మండలి ఆశయం.

1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం పోశారు. ఆనాటి కార్యకర్తలు గ్రంథాలయ యాత్రల పేరిట ఊరూరా తిరిగి చదువు విలువను బోధించారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం కృషితో పడవ గ్రంథాలయం బయలుదేరింది. పుస్తకాలు కాలువ వెంట ప్రయాణించి ఒడ్డునున్న గ్రామాలకు చేరాయి. పాఠకుడు రాకపోతే గ్రంథాలయమే అతని వద్దకు వెళ్ళింది. ప్రచారానికి ఇంతకన్న గొప్ప ఉదాహరణ ఉండదు.

డెల్టాలో ప్రజలు తిరిగే దారి కాలువ కనుక అక్కడ పడవ పనికివచ్చింది. ఒకప్పుడు కృష్ణాజిల్లాకు మెట్టసీమగా ఉండి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేటలకు ఆ పడవ ఏది? జనం గుమిగూడే బస్సు స్టాండు ఒకటి. మిరప, పత్తి అమ్ముకొనే స్థలం మరొకటి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు ఇంకొకటి. భక్తులు వేలాదిగా వచ్చే ఆ తిరునాళ్ళలో గాజుల దుకాణం పక్కన నాలుగు బల్లలు వేసి పుస్తకాలు పరిస్తే తప్పేమున్నది?

ప్రచారంలో చెప్పవలసిన మాట కూడా ముఖ్యమే. గ్రంథాలయం విజ్ఞాన భాండాగారమన్న పొగడ్త ఎవరినీ కదిలించదు. పంట తెగుళ్ళను గురించిన పుస్తకం ఉన్నదని రైతుకు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నాయని నిరుద్యోగికి, బొమ్మల కథలు ఉన్నాయని తల్లికి చెప్పాలి. అన్నిటినీ మించి, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతున్నదని అందరికీ తెలియజెప్పాలి. ఆ పన్ను చెల్లించే గృహస్థు గ్రంథాలయానికి అతిథి కాడు, యజమాని. తన సొత్తు ఎక్కడ ఉన్నదో అతనికి తెలియకపోవడం విచారకరం.

చేతిలో సెల్‌ఫోను ఉండగా గ్రంథాలయమెందుకని నేటి యువతరం ప్రశ్నిస్తుంది. ఫోను సమాచారాన్ని క్షణంలో ఇస్తుంది, కాని ఏకాగ్రతను ఇవ్వదు. ఒకే గదిలో కుటుంబమంతా నివసించే ఇంటి విద్యార్థికి కావలసిన నిశ్శబ్దాన్ని, బల్లను, దీపపు వెలుగును ఉచితంగా ఇచ్చేది గ్రంథాలయమే.

అయితే ప్రచారం వాగ్దానం వంటిది. పిలుపు విని వచ్చినవానికి తాళం వేసిన తలుపు, పాతబడిన పుస్తకాలు ఎదురైతే అతడు రెండవసారి రాడు. పైగా మరి పదిమందిని రానీయడు. కనుక వేళలు పాటించడం, కొత్త పుస్తకాలు తెప్పించడం, వచ్చినవారిని ఆదరించడం ప్రచారంకన్న ముందు జరగవలసిన పనులు.

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఉపన్యాసాలు, బహుమతులు ముగిశాక గ్రంథాలయం తిరిగి నిశ్శబ్దంలో మునిగితే ఆ ఉత్సవం నిష్ఫలం. ఆ వారంలో ప్రతి విద్యార్థీ ఇంతవరకు గ్రంథాలయం గడప తొక్కని ఒక్కరిని వెంటబెట్టుకొని వెళ్ళి సభ్యునిగా చేర్పిస్తే, గోడపత్రికలు చేయలేని పని నెరవేరుతుంది.