తెలిసినదానిని పరీక్షించడం

పరీక్షలు ముగిసిన నాడే పుస్తకం మూసివేసే అలవాటు చాలామంది విద్యార్థులలో కన్పిస్తుంది. పట్టా చేతికి అందితే చదువు పూర్తయిందని పెద్దలు సైతం భావిస్తారు. ఈ అభిప్రాయం సరైనది కాదు. క్రొత్త విషయాన్ని తెలుసుకోవడం విద్యలో సగభాగం మాత్రమే; తెలిసినదానిని తిరిగి పరీక్షించుకోవడం మిగిలిన సగం. కరువుసీమగా పేరుపడిన కడప, కర్నూలు ప్రాంతాల చరిత్రలోనే ఇందుకు చక్కని నిదర్శనాలున్నాయి.

1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపకు వచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు నిండలేదు. ఉద్యోగం కోసం ఆరంభించిన తెలుగు అభ్యాసం క్రమంగా ఆయనకు జీవితవ్రతమైంది. కడపలో బంగళా కొని, పండితులను నియమించి, సొంత ధనంతో వ్రాతప్రతులను సేకరింపజేశారు. లేఖకుల పొరపాట్ల వల్ల ఒకే కావ్యం ప్రతి ప్రతిలోనూ కొంత మారి కన్పించేది. అందువల్ల ఆయన దొరికిన మొదటి ప్రతినే ప్రమాణంగా గ్రహించలేదు. పలు ప్రతులను సరిపోల్చి, పాఠభేదాలను గుర్తించి, పండితులచేత పరిష్కరింపజేశారు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించిన తరువాత కూడా సేకరణ మానక, 1839లో మరిన్ని పద్యాలతో మరల ప్రచురించారు. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు సైతం తుదిమాట కాలేదు. కందుకూరి వీరేశలింగం మొదలైనవారు సవరించగా 1903లో అది నూతన ముద్రణ పొందింది. పూర్వుల రచనలోని లోపాన్ని దిద్దడం వారిని అగౌరవపరచడం కాదు. వారి కృషిని కొనసాగించడమే.

1883లో కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు ఎంతో కృషి చేశారు. చదువుకు వయస్సుతో నిమిత్తం లేదని ఆయన జీవితం చాటుతుంది. 'రాయలసీమ' అనే పేరు ఆయనే పెట్టారని చాలాకాలం ప్రచారంలో ఉండేది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు ఆ పేరును ప్రతిపాదించారని తరువాత పరిశోధకులు తెలిపారు. ఈ సవరణ వల్ల గాడిచర్ల గౌరవం తగ్గలేదు. చిలుకూరికి న్యాయం జరిగింది.

ప్రతి విషయాన్నీ ప్రశ్నిస్తూ పోతే దేనినీ నమ్మలేమని కొందరు వాదించవచ్చు. కాని సందేహం వేరు, తిరస్కారం వేరు. తిరస్కరించేవాడు చేతిలోని ప్రతిని పారవేస్తాడు. సందేహించేవాడు మరొక ప్రతి కోసం వెదకుతాడు.

సెల్‌ఫోనులో క్షణానికొక వార్త చేరుతున్న ఈ కాలంలో ఇట్టి సందేహం మరింత అవసరం. పంపినవారు ఆప్తులైనంత మాత్రాన వార్త సత్యం కాజాలదు. ఏ విత్తనం వేయాలో, ఎక్కడ బోరు త్రవ్వించాలో వినికిడి మాటను నమ్మి నిర్ణయించుకున్న మెట్టరైతుకు ఆ పొరపాటు ఏళ్ళ తరబడి అప్పుగా మిగులుతుంది. చెప్పినదెవరు, ఆధారమేమిటి, మరొకరు ఏమంటున్నారు అని విచారించే అలవాటు చదువుకున్నవారికే కాక, సేద్యం చేసేవారికి కూడా రక్షణ.

బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలో నేడు ఆయన పేర గ్రంథాలయం వెలసింది. పట్టా పొందిన తరువాత కూడా అట్టి గ్రంథాలయం గడప తొక్కి, తాను నేర్చిన పాఠాన్ని మరొక పుస్తకంతో సరిచూసుకునే విద్యార్థియే నిజమైన విద్యావంతుడు.