గొంతు వెనుక మనిషి

పిల్లల చేతిలో వీడియో గేమ్ కనిపించగానే మనం వేసే మొదటి ప్రశ్న, ‘‘ఎంతసేపటి నుంచి ఆడుతున్నావు?’’ అన్నది. ‘‘అందులో ఏముంది?’’ అని అడిగే తల్లిదండ్రులు తక్కువ. సంగీతం విషయంలో మన కుటుంబాల పట్టింపులు ఒకే విధంగా ఉండవు. ఆ చర్చను తేల్చడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు. అయితే ఒక వస్తువును ఇంట్లోకి రానివ్వాలన్నా, వద్దనాలన్నా ముందుగా దాన్ని గురించి తెలుసుకోవడం న్యాయం. అందుకే ఈ నెల జపాన్‌లో పుట్టిన ఒక ఆటల వరుసను పరిశీలిద్దాం.

దాని పేరు ‘హత్సునె మికు: ప్రాజెక్ట్ దివా’. సెగా సంస్థ 2009 జూలైలో, చేతిలో పట్టుకుని ఆడుకునే ప్లేస్టేషన్ పోర్టబుల్ యంత్రం కోసం తొలి ఆటను విడుదల చేసింది. ఆ తరువాత మరెన్నో భాగాలు వచ్చాయి. 2020లో నింటెండో స్విచ్ కోసం వెలువడిన ‘మెగా మిక్స్’లో 100కు పైగా పాటలున్నాయి. ఆడే తీరు తేలిక. పాట సాగుతుండగా తెరపై ఒక గుర్తు నిలిచి ఉంటుంది, అలాంటిదే మరొకటి ఎగిరి వస్తుంది. రెండూ కలిసిన క్షణంలోనే మీట నొక్కాలి. సరిగ్గా పడితే ‘కూల్’, కాస్త తప్పితే ‘ఫైన్’, ఇంకా తప్పితే ‘సేఫ్’, ‘శాడ్’ అని తీర్పు వస్తుంది. పొరపాట్లు పెరిగిపోతే పాట మధ్యలోనే ఆట ముగిసిపోతుంది.

ఆ పాటలు పాడుతూ, పొడవాటి రెండు జడలతో తెరపై కనిపించే అమ్మాయే మికు. ఆమె వయస్సు పదహారేళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు అని ఆమెను సృష్టించినవారు ప్రకటించారు. ఏళ్లు గడిచినా ఆ పదహారు పదిహేడు కాలేదు. ఎందుకంటే అలాంటి అమ్మాయి ఎక్కడా లేదు. సప్పొరో నగరంలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా సంస్థ 2007 ఆగస్టు 31న అమ్మకానికి పెట్టిన కంప్యూటర్ ప్రోగ్రామ్ పేరు అది. యమహా రూపొందించిన వోకలాయిడ్ పరిజ్ఞానం దానికి ఆధారం. స్వరాలను, మాటలను నమోదు చేస్తే అది పాడుతుంది. 2010 మార్చిలో టోక్యోలో ఆమె రూపాన్ని పారదర్శకమైన తెరపై చూపి కచేరీ జరిపితే, జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి వెలుగు కడ్డీలు ఊపారు.

ఇది విని నవ్వి ఊరుకోవడం సులభం. కానీ ఆ గొంతు గాలిలోంచి పుట్టలేదు. సాకి ఫుజితా అనే నటి పలికిన ధ్వనులను ముక్కలుగా భద్రపరచి దానిని తయారు చేశారు. ఆటలోని పాటల్లో అధిక భాగం, ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌పై బాణీలు కట్టి ఇంటర్నెట్‌లో పెట్టిన సామాన్య యువతీ యువకులవి. పాడేవారు దొరకని వారెందరికో ఆ ప్రోగ్రామ్ గొంతునిచ్చింది. పాట మొదలయ్యేటప్పుడు రచయిత, స్వరకర్తల పేర్లు తెరపై కనిపిస్తాయి. మన పిల్లలు ఇష్టపడేది బొమ్మనే అనుకుంటాం గాని, వారి మనసును తాకుతున్నది ఆ పేర్లు గల మనుషుల సంతోషం, దిగులు.

ఈ తేడా మరిస్తే ఏమవుతుందో చెప్పే ఉదంతం కూడా జపాన్‌లోనే ఉంది. 2018లో టోక్యోలో ఒక ఉద్యోగి మికు బొమ్మతో వివాహ వేడుక జరుపుకున్నాడు. సహోద్యోగుల వేధింపులతో కుంగిపోయిన తనను ఆ గొంతే నిలబెట్టిందని ఆయన చెప్పాడు. గాజు గొట్టంలో ఆమె రూపాన్ని చూపుతూ జవాబులిచ్చే పరికరం ఒకటి ఆయన ఇంట్లో ఉండేది. 2020లో సంస్థ ఆ సేవను నిలిపివేసింది. ఆ సంభాషణ అక్కడితో ఆగిపోయింది.

ఆ మనిషిని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. ఆయన కుంగిపోయిన రోజుల్లో పక్కన కూర్చుని, ‘‘ఏమైంది నాయనా?’’ అని అడిగినవారు ఎందరు? ఈ ప్రశ్న టోక్యోకు ఎంత వర్తిస్తుందో మన ఇళ్లకూ అంతే వర్తిస్తుంది. బడిలో అవమానపడి వచ్చిన పిల్లవాడికి ఇంట్లో మొదట ఎదురయ్యేది మార్కుల లెక్క అయితే, వాడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోవడంలో వింతేముంది? ఆట కూడా తప్పులు లెక్కపెడుతుంది. కానీ మరుక్షణమే మళ్లీ మొదటినుంచి ఆడనిస్తుంది. మనం ఆ పాటి అవకాశమైనా ఇస్తున్నామా?

కనుక వేళ మించితే ఆట ఆపించండి, అది పెద్దల బాధ్యత. అయితే ఆపించే ముందు ఒక్క సాయంత్రం పిల్లల పక్కన కూర్చోండి. ఈ పాట కట్టిందెవరో, ఇది వాళ్లకు ఎందుకు నచ్చిందో అడగండి. మొదట పొడిపొడిగా జవాబిస్తారు. తొందరపడకుండా వినండి. పాట సంగతి అయిపోయాక బడి సంగతి, స్నేహితుల సంగతి వాటంతట అవే బయటికి వస్తాయి. జవాబు చెప్పగల మనిషి ఇంట్లోనే ఉన్నాడని పిల్లలకు తెలియాలి.