ఈత కల్లుకు ఊరి పేరేది?

చలికాలం వస్తే ఖరిదా బజారులో బెల్లం వాసన మారిపోతుంది. చెరకు బెల్లం పక్కకు తప్పుకుని, బెంగాలీలు ఏడాదంతా ఎదురుచూసే కొత్త ఖర్జూర బెల్లం 'నోలెన్ గుడ్' ముందుకొస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వేలో పనికోసం వందేళ్ల కిందట శ్రీకాకుళం, విశాఖల నుంచి తరలివచ్చిన తెలుగువాళ్ల వారసులకు ఇందులో ఒక తిరకాసు కనిపిస్తుంది. పేరుకు ఖర్జూరం గానీ, ఆ చెట్టు సొంతూళ్లోని ఈత చెట్టే. బెంగాల్‌లో బెల్లమయ్యే రసమే తెలుగునేల మీద కల్లవుతుంది.

తేడా అంతా సమయంలోనే ఉంది. బెంగాల్ 'శివులి' సాయంత్రం చెట్టు గీసి కుండ కడతాడు. రాత్రి చలిలో రసం పులవదు. ఎండ ఎక్కకముందే దించి పొయ్యి మీద పెడతాడు. అదే రసాన్ని కాచకుండా వదిలేస్తే గాలిలోని ఈస్ట్ కొద్ది గంటల్లోనే పని మొదలుపెడుతుంది. చక్కెర కరిగి ఆల్కహాల్ అవుతుంది, నురగ పొంగుతుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నం పుల్లన, సాయంత్రం ఘాటు. మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది.

తీపి పోయి పులుపు తేలిన పానీయాన్ని వైన్ ప్రియులు నెత్తిన పెట్టుకుంటారు. వాళ్ల భాషలో 'డ్రై' అంటే చక్కెర దాదాపు మిగలనిదని అర్థం. అలాంటి వైట్ వైన్‌కు ఫ్రాన్స్‌లో బర్గండీ ఉత్తర కొసనున్న షాబ్లీ పెట్టింది పేరు. షార్డనే ద్రాక్ష, చల్లటి వాతావరణం, ఆల్చిప్పల శిలాజాలు నిండిన సున్నపు నేల దాని ఆస్తి. ఆ పేరు ఎవరు వాడుకోవచ్చో 1938లోనే ఫ్రెంచి చట్టం హద్దులు గీసింది. అయినా అమెరికాలో దశాబ్దాల పాటు చవక వైన్లు షాబ్లీ పేరుతోనే అమ్ముడయ్యాయి. విలువున్న పేరుకే దొంగల బెడద.

అన్నట్టు, వైట్ వైన్ నిజానికి లేత పసుపు. అచ్చంగా తెల్లగా ఉండేది కల్లే. లేనిదల్లా ఆ పేరు, ఆ హద్దు. ఈత బెల్లంతో చేసే జయనగర్ మోవాకు 2015లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కల్లు మాత్రం ఏ చెట్టుదో, ఎవరు గీశారో తెలియకుండానే నగరాల్లోని దుకాణాలకు చేరుతోంది. ఆ చీకట్లోనే క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుస్తున్నాయి. 2004లో హైదరాబాద్‌లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. నిషేధం గానీ, అనుమతి గానీ కల్తీని ఆపలేకపోయాయి.

పల్లెలో ఈ బాధ తక్కువ. మోకు వేసుకుని చెట్టెక్కినవాడే లొట్టి దించి పోస్తాడు. అతని మొహమే గ్యారంటీ. షాబ్లీ సీసా మీది చీటీ చేసే పనీ అదే: ఏ నేలదో, ఎవరిదో చెప్పడం. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్ పులియని రసానికి గౌరవం తెచ్చే ప్రయత్నం. పులిసిన రసానికీ ఆ జవాబుదారీతనం కావాలి. అప్పుడే తాగేవాడి ప్రాణానికీ, గీసేవాడి పనికీ భద్రత.

ఖరిదాలో బెల్లం కొనే బెంగాలీ ముందు వాసన చూస్తాడు, తర్వాత ఏ ఊరిదని అడుగుతాడు. కల్లు దుకాణం ముందు నిలబడే తెలుగువాడు కూడా ఆ రెండో ప్రశ్న అడగడం నేర్చుకోవాలి.